కలరా ఉండల దొంగ

చోటు ఆక్రమించేదీ, బరువున్నదీ ఏదైనా పదార్థమే అని ఏటా మొదటి పాఠంలో చెబుతాను. ఏటా ఎవరో ఒక పిల్ల లేచి, "మరి విసుగు పదార్థమా టీచర్?" అని అడుగుతుంది. కాదమ్మా, దానికి బరువుండదు, కూర్చో అంటాను. సాయంత్రం దిద్దాల్సిన కాగితాల సంచీ భుజాన వేసుకుని, మెట్లన్నీ ఎక్కి మా వాటా ముందు నిలబడేసరికి ఆ జవాబు మీద నాకే నమ్మకం పోతుంది.

ఆ రోజు తలుపు సగం తీశానో లేదో, లోపలి గదిలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది.

"వచ్చావా? ఇవాళ ఇంకొంచెం పోయాయి."

"ఏం పోయాయత్తయ్యా?"

"ఏం పోతాయి? కలరా ఉండలు."

చెప్పులు విడిచే ఓపిక కూడా లేక అలాగే గోడకు ఆనుకున్నాను. వంటింటి గుమ్మంలో ఆయమ్మ అప్పటికే తన సంచీ చంకన పెట్టుకుని నిలబడి ఉంది. నేను రాగానే వెళ్ళిపోవడం రోజూ ఉన్నదే. కానీ ఆమె మొహం చూస్తే ఇవాళ వెళ్తే మళ్ళీ వచ్చేలా లేదు.

మా అత్తగారు జీవితమంతా బట్టలు కుట్టిన మనిషి. మనిషిని గుమ్మంలో చూస్తేనే కొలత చెప్పేసేది. పోయినేడు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచీ ఎవరైనా చెయ్యిస్తే తప్ప మంచం దిగలేదు. నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు. ఆవిడ మంచం పక్కనే ఒక ఎత్తుపీట మీద రేకు పెట్టె ఉంటుంది. అందులో మా మామగారి ఉన్ని కోటుంది. ఆయన అచ్చాఫీసులో యంత్రం నడిపేవారు. పోయి మూడేళ్ళయింది. ఆ కోటుకు పురుగు పట్టకుండా పెట్టినవే ఈ కలరా ఉండలు. పెట్టినప్పుడు గోళీకాయల్లా ఉండేవి, ఇప్పుడు శనగగింజల్లా ఉన్నాయి.

రోజూ ఆ పెట్టె తెరిచి చూసుకుంటుంది. తాళంచెవి దారానికి కట్టి ఆవిడ మెడలోనే ఉంటుంది. స్నానం చేయించేటప్పుడు మాత్రం తీసి కిటికీ గూట్లో పెడుతుంది. తువ్వాలు తెస్తానని వచ్చే ఆ కాస్త సందులో ఆయమ్మ పెట్టె తెరిచి, ఉండలు గీకి, పొడి పట్టుకుపోతోందని మా అత్తగారి సిద్ధాంతం.

"మొత్తంగా తీస్తే తెలిసిపోతుందని కొంచెం కొంచెం గీకుతోంది. తెలివైన మనిషి," అంది ఆవిడ. ఆ మాటలో కాస్త మెచ్చుకోలు కూడా ఉంది.

"టీచరమ్మా," అంది ఆయమ్మ. "ఈ చేతుల్తో ఎంతమంది పెద్దాళ్ళకి ఒళ్ళు తుడిచానో. ఒక్కళ్ళు కూడా ఇంత మాట అనలేదు. పురుగుల మందు గీక్కుపోయి నేనేం చేసుకుంటానమ్మా, ఒంటికి రాసుకుంటానా?"

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

ఈమెకు ముందు వచ్చినవాళ్ళెవరూ మా అత్తగారి నోటికి తట్టుకోలేదు. వాళ్ళు మానేసినప్పుడల్లా నేను బడికి సెలవు పెట్టాను. మళ్ళీ సెలవంటే నా తరగతులకు వేరే మనిషిని చూసుకుంటామని మా హెడ్‌మిస్ట్రెస్ నవ్వుతూనే చెప్పింది. కాబట్టి విషయం చాలా సింపుల్. ఆయమ్మ ఉంటే నాకు ఉద్యోగం ఉంటుంది. ఆయమ్మ పోతే నేను బడి మానేసి ఈ మంచం పక్కన కూర్చోవాలి, కలరా ఉండల దొంగతనం అప్పుడు నా మీద పడుతుంది.

తమాషా ఏమిటంటే, ఆ మధ్యాహ్నమే తరగతిలో ఆ పాఠం చెప్పి వచ్చాను. గట్టి పదార్థం ద్రవం కాకుండానే నేరుగా ఆవిరైపోవడాన్ని ఉత్పతనం అంటారు. ఉదాహరణ, కలరా ఉండలు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

"అత్తయ్యా, వాటిని ఎవరూ తీయలేదు. అవి వాటంతట అవే గాలిలో కలిసిపోతాయి. దాన్ని ఉత్పతనం అంటారు," అన్నాను మంచం అంచున కూలబడుతూ.

"పేరు పెట్టినంత మాత్రాన జరిగిపోతుందా?"

"జరుగుతుందండీ. భౌతిక మార్పు అది. వస్తువు అదే, రూపమే మారుతుంది."

"నన్ను పిచ్చిదాన్ని చెయ్యకు. ఐసుముక్క చూడు, ముందు నీళ్ళవుతుంది. తర్వాత ఆ నీళ్ళు ఆరతాయి. గట్టిది గాలైపోవాలంటే మధ్యలో నీళ్ళు కావద్దూ? మరి నా కోటు తడవలేదేం?"

నా పిల్లల్లో ఒక్కరికీ రాని ప్రశ్న అది. ఇంకోరోజైతే సంతోషించేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం తల పగిలిపోతోంది.

"కొన్నిటికి ఆ మధ్య దశ ఉండదత్తయ్యా."

"నీ పుస్తకంలో ఉండదేమో. నా కళ్ళకి కనపడాలి." ఆవిడ కాసేపు ఆలోచించింది. "కొత్త ఉండ ఒకటి తీసి నా ఎదురుగా పెట్టు. పెట్టెలో కాదు, ఆ అలమారా మీద, నాకు కనపడేలా. ఎవరూ ముట్టుకోకూడదు. నేను కొలత తీసి పెట్టుకుంటా. తగ్గిందా, నువ్వు చెప్పిందే నిజం, ఈమె మంచిది. తగ్గలేదా, ఇంక నాకెవరూ ఏమీ చెప్పొద్దు."

దిండు కింద ఉండే కుట్టుసామాను డబ్బా అడిగి తీయించుకుంది. తెల్లదారం ముక్క తీసుకుని ఉండ నడుముకు చుట్టి, సరిగ్గా బిగిసేలా ముడి వేసి, ఆ ఉచ్చును మెల్లగా జార్చి తీసింది. నడుం కొలత తీసుకున్నట్టే తీసుకుంది. ఆ దారం ఉచ్చును తాళంచెవితో పాటు మెడలో దారానికి తగిలించుకుంది. ఉండ సాసరులో పడింది, సాసరు అలమారా ఎక్కింది, ఫ్యాను గాలి నేరుగా తగిలే చోట.

ఆయమ్మ ఇదంతా గుమ్మంలోంచే చూసింది. "నీ మొహం చూసి ఉంటానమ్మా," అంది నాతో, మెట్ల దగ్గర. "అది తగ్గేదాకా ఉంటా. తగ్గకపోతే మాత్రం మళ్ళీ నన్ను అడక్కండి."

"తగ్గుతుంది ఆయమ్మా. తగ్గక ఎక్కడికి పోతుంది?" అన్నాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే మళ్ళీ అలసట వస్తుంది. మా అత్తగారు పగలంతా ఆ సాసరు మీదినుంచి చూపు తిప్పలేదు. ఆయమ్మ అలమారా తుడిచేటప్పుడు సాసరు చుట్టూ గుడ్డ తిప్పేది తప్ప దాన్ని తాకేది కాదు. ఇల్లంతా ఆ ఘాటు. అన్నంలో అదే వాసన, దిండులో అదే వాసన, నా జుట్టులో అదే వాసన. బడిలో పక్క టీచరు నా దగ్గర కూర్చుని ముక్కు ఎగబీల్చి, "కొత్త చీరా, పెట్టెలోంచి తీశారా?" అని అడిగింది.

మొదట్లో నేను వచ్చిపోతూ ఉండ వంక ఓ చూపు చూసేదాన్ని. తగ్గుతోందని స్పష్టంగానే తెలిసింది. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత పరీక్షలొచ్చాయి. ఇసుక, ఉప్పు కలిసిన మిశ్రమాన్ని ఎలా వేరు చేస్తావు అన్న ప్రశ్నకు ఒకడు "ఓపికగా" అని రాశాడు. అర మార్కు వేశాను. అలాంటి కాగితాల గుట్టలో పడి అలమారా వైపు చూడ్డమే మానేశాను.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. ఆయన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తారు. చుట్టాలందరూ ఆయన్ని సర్దుబాటు అని పిలుస్తారు. గొడవ పడుతున్న ఇద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్ళి, నువ్వే రైటు అని ఇద్దరికీ చెప్పి, మెల్లగా జారుకునే మనిషి. ఈ కలరా ఉండల వ్యవహారం మొదలైనప్పటినుంచీ ఆయన ఇంట్లో పిల్లిలా తిరిగారు.

కొలత చూసే రోజు ఆదివారం పెట్టుకున్నాం. సెలవురోజైనా ఆయమ్మ వచ్చింది. ఉతికిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడింది.

నేను సాసరు దింపి అత్తగారి ఒడిలో పెట్టాను. ఆవిడ మెడలోంచి దారం ఉచ్చు తీసి ఉండ మీద పెట్టింది. నెట్టింది. మళ్ళీ నెట్టింది.

"ఎక్కట్లేదు," అంది.

"సరిగ్గా చూడండత్తయ్యా."

"నాకు చెప్తున్నావా, కొలత ఎలా చూడాలో? దారం ఎక్కట్లేదు. తగ్గకపోగా బలిసింది." ఆవిడ గెలిచినట్టు అరవలేదు. నిజం చెప్పాలంటే మొహం చిన్నబోయింది. "నా కళ్ళ ముందున్నది తగ్గలేదు. కళ్ళ ముందు లేనివే తగ్గాయి. ఇంకేం చెప్తావు?"

ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇన్నాళ్ళూ పిల్లలకు అబద్ధం చెప్పుకొచ్చానా అనిపించింది.

"సరే పెద్దమ్మా," అంది ఆయమ్మ. అంతే. కోప్పడలేదు, ఒట్లు పెట్టుకోలేదు. సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది. ఆ చెప్పుల చప్పుడు కింది దాకా వినిపించింది.

అప్పుడు వెలిగింది నా బుర్రకు. బలిసిందట! పదార్థం తగ్గొచ్చు, కరగొచ్చు, గాలిలో కలవొచ్చు. ఎక్కడినుంచీ రాకుండా మాత్రం పెరగదు. ఎవరో ఒకరు తెచ్చి పెట్టాలి.

తలెత్తి చూశాను. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. అప్పటికే తళతళలాడుతున్న అద్దాలను చొక్కా అంచుతో తెగ రుద్దుతున్నారు.

"ఏమండీ," అన్నాను.

"అది... బాగా చిక్కిపోయిందే పాపం," అన్నారాయన. "అమ్మ చూస్తే మళ్ళీ ఆయమ్మని ఏమైనా అంటుందని, రాత్రి తను నిద్రపోయాక కొత్తది తెచ్చి పెట్టాను."

"చిక్కాలనే కదండీ పెట్టాం!"

"ఆ సంగతి నాకెవరు చెప్పారు?"

"నెలరోజులుగా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం ఇంకేమైనా మాట్లాడామా అసలు?"

"మీ మధ్య నేను కలగజేసుకోకూడదని విన్లేదు," అన్నారు, ఎంతో న్యాయంగా.

నెత్తీ నోరూ కొట్టుకోవాలనిపించింది. సాసరు ఆయన మీదికి విసరాలనిపించింది. ఆ రెండిటికీ ఓపిక లేక, "పాతదేదీ?" అని మాత్రం అడిగాను.

ఆయన తన బ్యాగులోంచి ఒక కళ్ళద్దాల డబ్బా తెచ్చారు. "పారేయబుద్ధి కాలేదు," అంటూ మూత తీశారు. లోపల మెత్తటి గుడ్డ మీద ఉంది మా ఉండ, కందిగింజకు కాస్త పెద్దగా. తీసి అత్తగారి అరచేతిలో పెట్టాను. దారం ఉచ్చు దానిమీంచి జారి కిందపడింది.

"ఇది అదేనని ఏంటి నమ్మకం?" అంది ఆవిడ. "నా నోరు మూయించడానికి వీడు ఏ గులకరాయైనా తెచ్చి చూపిస్తాడు. వీడి సంగతి నాకు తెలీదూ?"

కన్నతల్లి కదా, తెలుసు. నేను ఇక చేతులెత్తేశాను. మంచం పక్కన నేలమీద కూర్చుండిపోయాను. రేపు సెలవుచీటీలో ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను. జ్వరం అయిపోయింది, దగ్గర చుట్టాలెవరినీ చంపే ధైర్యం లేదు.

ఆవిడ ఉండను సాసరులో పడేసి, ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకుంది. ఊరికే తిప్పి చూసింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది. మూత వేసింది. మళ్ళీ తీసి వాసన చూసింది.

"ఉండ బయటుంది కదా," అంది నెమ్మదిగా. "మరి ఇందులో ఈ వాసన ఎక్కడిది?"

"దాని రేణువులు అందులో ఉండిపోయాయత్తయ్యా."

"కనపడట్లేదే."

"కంటికి కనపడవు."

"అంటే వాసనంటే ఊరికే వాసన కాదా? వస్తువేనా?"

"వస్తువే. ముక్కుకి తగలాలంటే ఆ వస్తువులోంచి కొంచెం లేచి రావాలి కదా. వాసన వస్తోందంటే అది కొంత తరుగుతున్నట్టే." తరగతిలో అలవాటైన మాట, అదే గొంతుతో, కళ్ళు మూసుకునే చెప్పేశాను.

"పూలకైనా అంతేనా?"

"దేనికైనా అంతే."

కళ్ళు తెరిచి చూశాను. ఆవిడ చెయ్యి మెడలోని తాళంచెవి మీదికి పోయింది.

"ఆయన కోటుకైనా?" అంది.

ఆవిడ రోజూ పెట్టె తెరిచేది ఉండలు చూసుకోవడానికే అనుకున్నాను నేను. ఉండలంటే పై లెక్క. కిందున్న లెక్క నాకు ఎప్పుడూ తట్టలేదు.

"కాలరు దగ్గర ఉంటుంది," అంది ఆవిడ. "ఇంకు వాసన, కిరసనాయిలు వాసన, ఆయన వాసన. మొదట్లో మూత ఎత్తగానే వచ్చేది. తర్వాత కోటు పైకి తీస్తే వచ్చేది. ఇప్పుడు కాలరులో మొహం పెట్టి వెతుక్కోవాలి. ఎవరో తీసుకుపోతున్నట్టే ఉండేదమ్మాయ్ నాకు. ఎవరో రోజూ వచ్చి ఇంత ఇంత పట్టుకుపోతున్నట్టే. ఉండలైతే చూపించొచ్చు, ఇదిగో తగ్గాయి అని. అదెవరికి చూపించను?"

నేనూ ఒకసారి ఆ కోటు ఎండలో వేయడానికి తీశాను. నాకు కలరా ఉండల కంపు తప్ప ఇంకేమీ తెలియలేదు.

"అయితే నేనే కదూ," అంది. "రోజూ తెరిచి తెరిచి నేనే పోగొట్టాను."

అవునని ఎలా అనను? కాదని ఎలా అనను? మా ఆయన వైపు చూశాను. జీవితంలో మొదటిసారి ఆయనకు కూడా సర్దడానికి ఏమీ దొరకలేదు. వచ్చి వాళ్ళమ్మ పాదాల దగ్గర కూర్చున్నారు.

"వెళ్ళు, ఆమెని పిలుచుకురా," అంది ఆవిడ నాతో.

ఇంటి చెప్పులతోనే పరుగెత్తాను. బస్సుస్టాపులో ఆయమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"దొంగ అనిపించుకుని మళ్ళీ ఆ గడప తొక్కమంటావా టీచరమ్మా?"

"ఆవిడే రమ్మంటోంది."

"నీ ఉద్యోగం కోసం నువ్వు రమ్మంటున్నావు."

"అబద్ధమెందుకు, అదీ ఉంది," అన్నాను రొప్పుతూ, ఆమె పక్కనే కూలబడి. "కానీ ఉండ తగ్గింది ఆయమ్మా. మా ఆయన మార్చేశారు. తగ్గిందని ఆవిడకీ తెలిసింది."

"సార్ మార్చారా? ఎందుకు?"

"నిన్ను కాపాడ్డానికట."

ఆమె నన్ను అలాగే చూసింది. చూసి చూసి, "దేవుడా," అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. బస్సు వచ్చింది, మేమెక్కలేదు.

మేం వెళ్ళేసరికి మా అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. తాళంచెవి మెడలో లేదు, పిడికిట్లో ఉంది.

"నువ్వు తీయలేదు," అంది ఆయమ్మతో.

"చెప్పాను కదా పెద్దమ్మా."

"చెప్పావు. నేనే విన్లేదు. తప్పు నాది." చెయ్యి చాపింది. "ఇది నీ దగ్గర పెట్టుకో. నేనడిగినా ఇవ్వకు. తిట్టినా ఇవ్వకు."

ఆయమ్మ ఏమీ అర్థంకాక నా వైపు చూసింది. "ఎందుకు పెద్దమ్మా? పెట్టె మీది కదా."

"తెరిస్తే పోతుంది. ఉన్న కాస్తా ఉండనీ."

ఆయమ్మ చెయ్యి చాపి అందుకుంది. తాళంచెవి ఉన్న దారం తన మెడలో వేసుకుని లోపలికి తోసుకుంది. తర్వాత రోజూ చేసినట్టే ఆవిడ చంకల కింద చేతులు పెట్టి లేపి, స్నానానికి తీసుకుపోయింది.

మర్నాడు నేను బడికి వెళ్ళాను. సాయంత్రం మెట్లెక్కి తలుపు ముందు ఇంటి తాళంచెవి వెతుక్కుంటుంటే లోపలినుంచి మాటలు వినిపించాయి.

"ఒక్కసారే. కాలరు ఒక్కటే చూసి మూసేస్తా."

"వద్దు పెద్దమ్మా."

"నా మొగుడి కోటే, నీ అబ్బ సొమ్మా? ఇవ్వు."

"ఇవ్వను."

"దొంగమొహమా, ఇయ్యవే!"

"ఇవ్వనమ్మా. మీరే చెప్పారు."

తర్వాత ఏడుపు వినిపించింది. మా మామగారు పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు. ఆ ఏడుపు మధ్యలో ఆయమ్మ గొంతు, ఊరుకో పెద్దమ్మా, ఊరుకో, ఉందిలే, లోపలే ఉందిలే అంటోంది.

నేను తలుపు తీయలేదు. కాగితాల సంచీ పక్కన పెట్టుకుని, ఏడుపు ఆగేదాకా మెట్ల మీదే కూర్చున్నాను.